డ్రైవరు వైపు అద్దం

"అద్దం దిగకపోవడం తూటా దెబ్బ వల్లనా, మన పని వల్లనా? తేల్చు పర్శన్నా. తప్పు మనదైతే బిగించినోళ్లు ఇంటికే" అన్నాడు మేనేజరు ఫరాజ్. అక్కడ అందరూ ముదీర్ అంటారు. హైదరాబాదువాడు. మాట మెత్తన, పట్టు గట్టి.

ఎడారి దేశపు అల్ ఖూజ్‌లోని ఆ షెడ్డులో తయారై యుద్ధానికి పోయిన ఉక్కు కవచం బండి ఒంటినిండా గాట్లతో తిరిగొచ్చింది. ఏ దెబ్బ దేన్ని ఎంత కుంటుపరిచిందో చూసి చెప్పడం పర్శరాములు పని. ఇంజను, చక్రాలు, తలుపులు అన్నీ తేలాయి. మిగిలింది డ్రైవరు వైపు అద్దం. పై అంచున తూటా తగిలి తెల్లగా నెర్రెలిచ్చింది గానీ పగల్లేదు. స్విచ్ నొక్కితే మాత్రం కదలదు. బండిని నడిపిన పఠాన్ డ్రైవరు పక్కనే నిలబడి చాయ్ తాగుతున్నాడు.

ఆ అద్దం బిగించింది పర్శరాములూ, నెల్లూరు చాంద్ బాషా. ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నవాళ్లు. కరోనా బాషాను ఈ ఇసుకలోనే ఉంచేసింది. తప్పు పోయినవాడి మీదికి తోస్తే అడిగే దిక్కు లేదు. ఆ ఆలోచన వచ్చినందుకే పర్శరాములుకు తన మీద తనకే రోత పుట్టింది.

డ్రైవరు తలుపులో ఆకుపచ్చ గుడ్డ చుట్టిన తాయెత్తు పెట్టనిదే బాషా ఏ బండికీ లోపలి రేకు మూసేవాడు కాదు.

"ఉక్కుకు ఆగని తూట గుడ్డకు ఆగుతదా బాషా?" అని పర్శరాములు నవ్వేవాడు.

"ఉక్కు మన పని రా. మిగతాది పైవాడి పని" అనేవాడు బాషా. ఆ గొంతు ఒక్కసారి మళ్లీ వినాలని పర్శరాములు ప్రాణం కొట్టుకుంది.

పర్శరాములు తలుపు లోపలి రేకు ఊడదీశాడు. ఆకుపచ్చ గుడ్డ జారి, అద్దం దిగే గాడిలో ఇరుక్కుని ఉంది.

గుప్పిట్లో దాచేస్తే అంతటితో ఖలాస్. పర్శరాములు దాన్ని బయటికి తీసి ముదీర్ ముందు పెట్టాడు.

"తప్పు మనదే సారూ. తాయెత్తు పెట్టింది నేనే."

ఫరాజ్ ముఖం గంటు పెట్టుకున్నాడు. పఠాన్ మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టి దగ్గరికొచ్చాడు. అద్దం మీది మచ్చను వేలితో తడిమాడు. ఆ రోజు దారిలో ఎవరో పిలిస్తే, మాట్లాడదామని స్విచ్ నొక్కానన్నాడు హిందీలో. రోజూ దిగే అద్దం ఆ పూటే మొరాయించిందని తిట్టుకుంటుండగా తూటా వచ్చిందట.

పఠాన్ ఆ గుడ్డను కళ్లకద్దుకుని పర్శరాములు చేతిలో పెట్టాడు.

"ఉన్నచోటే పెట్టి మూసెయ్ భాయ్."