కారు మాట మార్చింది

"బ్రేకులు అరిగాయి. నేను కదలను," అంది కారు. అన్ని కార్లూ తమంతట తామే నడిచే కాలమది. కనకరత్నం కూతురు సుభాషిణి డ్యూటీకి ఘాట్ రోడ్డు దిగాలి.

సుభాషిణి చక్రం విప్పింది. బ్రేకు ప్యాడ్లు మందంగానే ఉన్నాయి. అరుగుదల కనిపెట్టే తీగ మీద మాత్రం, దసరాకు తల్లి పూసిన పసుపు గట్టిపడి ఉంది.

"నీ భక్తి బంగారం గానూ! చక్రం లోపల కూడా పూశావా?"

"బండిని ఆపేది అదే కదే! దానికి పెట్టకపోతే ఎలా?"

పసుపు తుడవగానే కారు, "బ్రేకులు బాగున్నాయి, ఎక్కండి," అంది.

కనకరత్నానికి ఏమీ అంతుపట్టలేదు. చిటికెడు పసుపుకే మాట మార్చేదాన్ని నమ్మి పిల్లను ఎలా పంపడం? గబగబా వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

"నువ్వెక్కడికమ్మా?"

"నువ్వెక్కడికైతే అక్కడికే. పోనివ్వమను."