నిజం దీపం కింద తొలి కథ

ఇంటింటికీ నిజం దీపాలు వచ్చాక కోర్టుల్లో పని లేకుండా పోయింది. ఎవరు అబద్ధమాడినా గోడమీది దీపం ఎర్రగా వెలుగుతుంది. ఇక వాదించడానికి ఏముంది? ముప్ఫై అయిదేళ్లు ప్రాక్టీసు చేసిన సుభద్ర నల్లకోటు బీరువాలో పెట్టేసి కథ రాయడం మొదలుపెట్టింది.

"నేను చంద్రుడి మీద ఏనుగుల్ని దొంగిలించాను," అని పైకి చదివింది. దీపం భగ్గుమంది.

భర్త మృత్యుంజయం వంటింట్లోంచి ఉప్మా గిన్నెతో సహా వచ్చి, దానిమీద గరిటెతో దరువు వేశాడు. "అబ్బో! ఇంకోటి చదువు!"

"ఏడుగురు రాజులు నా కాళ్లు పట్టుకున్నారు." మళ్లీ ఎరుపు. అబద్ధానికి మెప్పు దొరకడం సుభద్రకిదే మొదటిసారి. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ ఊపులో ఆమె తర్వాతి వాక్యం కూడా చదివేసింది.

"నా మొగుడి ఉప్మా తినడం కన్నా జైలుకెళ్లడం నయం."

దీపం వెలగలేదు. దరువు ఆగిపోయింది.

సుభద్రలోని లాయరు గబుక్కున లేచింది. "ఇందులోని పాత్రలన్నీ కల్పితాలు. ఎవరినీ ఉద్దేశించినవి కావు!"

గదంతా ఎర్రబడింది.

"పర్లేదులే, నాకేం కోపం రాలేదు," అన్నాడు మృత్యుంజయం.

దీపం ఇంకా ఎర్రగా వెలిగింది.

సుభద్ర ఎగిరి గంతేసింది. "ఏమండోయ్, మీకూ కథలు చెప్పడం వచ్చేసింది!"