ఎత్తని చెయ్యి

"అక్కా, ఇవాళ నువ్వు చెయ్యెత్తావంటే నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు తమ్ముడు, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి. వెనకే అతను పనిచేసే ఇంటర్నెట్ కంపెనీ మేనేజరు, ఎక్కడలేని వినయంతో చేతులు కట్టుకుని.

కౌన్సిలరమ్మ జుట్టు ముడి వేసుకుంటూ ఆగిపోయింది. ఇంకాసేపట్లో ఓటింగు. ఊరి సొమ్ముతో ఇంటింటికీ నెట్టు ఇవ్వాలా, వద్దా? కుళాయి నీళ్లలాగే నెట్టూ అందరిదీ అని వార్డంతా గొంతు పోయేలా అరిచింది ఆవిడే.

"అందరికీ మాటిచ్చానురా."

"వాళ్లకిచ్చావు. మరి నేనెవర్ని? నా పిల్లలెవరు?"

ఆవిడ ముడి సగంలోనే వదిలేసి బయల్దేరింది.

కౌన్సిల్ హాల్లో అటు అయిదుగురు, ఇటు అయిదుగురు తేలారు. మిగిలింది ఆవిడొక్కతే. వార్డువాళ్లు అప్పుడే నవ్వుకుంటున్నారు. బిల్లు కట్టలేక నెట్టు పోగొట్టుకున్న దర్జీ, ఆన్‌లైన్ క్లాసులు ఆగిపోయిన కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని చప్పట్లకి సిద్ధంగా ఉంది. చివరి బెంచీలో మేనేజరు పక్కన తమ్ముడు, రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"కావాలనుకుంటే చెయ్యెత్తండి," అన్నాడు అధ్యక్షుడు ఆవిడ వైపు తిరిగి.

ఆవిడ చెయ్యి బండరాయైపోయింది. లేవలేదు. ఆరో ఓటు పడక ప్రతిపాదన వీగిపోయింది.

హాలంతా నివ్వెరపోయింది. "అమ్మా, మీరేనా?" అంది దర్జీ. ఎవరో చెంప ఛెళ్లుమనిపించినట్టయింది ఆవిడకి. పోనీలే, తోడబుట్టినవాడి కూడు నిలబెట్టానని ఏడుపు దిగమింగుకుంటూ బయటపడింది.

మెట్ల దగ్గరికి తమ్ముడు ఒక్కడే పరుగున వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఎంత పని చేశావే అక్కా!"

"నీకోసమేరా! నువ్వే కదా చెయ్యెత్తొద్దని..."

"వాడు పక్కన నిలబడి అనిపించాడే! బిల్లు కట్టలేని ఇళ్ల వైర్లు కత్తిరించలేక రోజూ చస్తున్నాను. నా ఉద్యోగం పోతే పోయింది, ఇవాళ్టితో ఈ పీడ విరగడవుతుందనుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పావురా ఆ మాట?"

తమ్ముడు మెట్ల మీదే కూలబడ్డాడు.

"నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నా మాట ఒక్కటైనా విన్నావా నువ్వు? ఆ ధైర్యంతోనే కదే వద్దన్నాను!"