మూడో ట్యాంకు

“నాన్నా, ఆ చేదు బీరు ఇక కాచొద్దు. మూడో ట్యాంకు నాకిచ్చెయ్,” అంది టెస్.

తమ బీరు తయారీశాలలో లైల్, చేదు కోసం వేసే హాప్స్ మూట విప్పి, ఆ ఎండు పువ్వుల్ని నలిపి వాసన చూస్తున్నాడు.

“నీతోనే మాట్లాడుతున్నా! మొన్న సగం పీపా మోరీలో పోశాం.”

“అయితే?”

“అయితే ఏంటి? ఇప్పుడెవరడుగుతున్నారు నాన్నా చేదు? మామిడిపండు వాసనన్నారు, చేశాం. పులుపన్నారు, చేశాం. ఈ వేసవిలో అందరూ పల్చటి తేలిక బీరే అడుగుతున్నారు. దానికి ట్యాంకు లేదు.”

“ఒకప్పుడు పోర్ట్‌లాండ్ జనమంతా ఈ చేదు కోసం మన గుమ్మం ముందు వానలో నిలబడ్డారు. వాళ్ల నాలుకలు మారినప్పుడల్లా నేనూ మారాలా? తాగేవాడు ఒక్కడున్నా కాస్తాను.”

“ఒక్కడే ఉన్నాడు. ఆర్విల్ బాబాయ్.”

“చాలు.”

“సరే, ఆయన్నే అడుగుతా.”

“అడిగావంటే నీకూ నాకూ మాటల్లేవు!”

టెస్ విసురుగా ముందున్న బార్ గదిలోకి వచ్చింది. కిటికీ పక్క బల్ల దగ్గర ఆర్విల్ ఒక్కడే కూర్చున్నాడు. వంతెనల మరమ్మతు పని చేసి రిటైరైన మనిషి, తండ్రికి చిన్ననాటి నేస్తం. ముందు సగం తాగిన గ్లాసుంది. ఆమె అతని ఎదురుగా కూర్చుంది.

“ఏంటమ్మా, మొహం అలా ఉంది?”

“కోప్పడకు బాబాయ్. నీ బీరు… మానేద్దామనుకుంటున్నాం.”

ఆర్విల్ లోపలి తలుపు వైపు ఓసారి చూశాడు. గ్లాసు పక్కకి జరిపి, గొంతు తగ్గించాడు.

“నిజంగా మానేస్తారా?”

“బాబాయ్…”

“నీకు పుణ్యముంటుంది తల్లీ, మానెయ్యండి! ఒక్క గుక్కకే కడుపులో మంట. అందరూ వదిలేశాక నేనూ వదిలేస్తే మీ నాన్న ఏమైపోతాడోనని కళ్లు మూసుకుని మింగుతున్నా. వాడికి ఆ బీరంటే ప్రాణం కదా. నేనన్నానని మాత్రం చెప్పకు.”

టెస్‌కి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. కానీ దాచలేకపోయింది. లోపలికెళ్లి, ఉన్నదున్నట్టు తండ్రికి చెప్పేసింది.

లైల్ చేతిలో పువ్వులు అలాగే ఉండిపోయాయి. అరుస్తాడేమోనని ఆమె ఓ అడుగు వెనక్కి వేసింది. ఆయన నెమ్మదిగా మూట మూతి కట్టేసి, బోర్లించిన బకెట్టు మీద చతికిలబడ్డాడు.

“ముందే చెప్పి చావొచ్చుగా వెధవ! ఆ చేదు నాకే సయించక ఎన్నేళ్లయిందో. వాడొక్కడి కోసమేగా కాస్తున్నాను!”