ఏడో తరగతిలో కోడికూత

మధుసూదన్ సార్ తన మీద పగబట్టాడనే జలంధర్ నమ్మకం. లేకపోతే నెలలో ఇది ఐదోసారి, సరిగ్గా డ్యూటీలో ఉన్నప్పుడే ఫోన్ చేసి రమ్మంటాడా? రప్పించి, ఆఖరి గంట కొట్టేదాకా కొడుకు చదివే బడి ఆఫీసు గదిలో ఊరికే కూర్చోబెడతాడా?

గ్యాసు డబ్బుతో దోహా రోజుకో అంతస్తు లేస్తున్న రోజులవి. ఉమ్ సలాల్ సైట్లో స్లాబులకు సరియ, అంటే ఇనుప చువ్వలు, కట్టించే ఫోర్మన్ జలంధర్. సిమెంటు కొట్టుకున్న బట్టలతో ఆ చల్లటి గదిలో సోఫా అంచున ఒదిగి కూర్చున్నాడు. ఎప్పటిలాగే ఆయా చల్లనీళ్లు తెచ్చిచ్చింది. ఎప్పటిలాగే తెలియకుండా కన్నంటుకుంది.

"జలంధర్ గారూ!"

ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా మధుసూదన్ సార్.

"ఇవాళ కూడా మీవాడు పాఠం మధ్యలో బల్లెక్కి కోడిలా కూశాడండీ. క్లాసంతా గోల. ముందు బెంచీలో వేశాను. లీడర్ని చేశాను. బుద్ధిగా ఉన్న రోజు స్టార్ అతికిస్తానని గోడకు చార్టు పెట్టాను. పొద్దున పీరియడ్లలో బంగారం. మధ్యాహ్నమయ్యేసరికి ఏం పూనుతుందో!"

"నాలుగు తగిలియ్యుండ్రి సార్."

"కొట్టకూడదండీ ఇక్కడ. అమ్మను పిలుస్తానంటే వద్దని ఏడుస్తాడు. నాన్నను పిలుస్తానంటే గప్‌చుప్‌గా వచ్చి కూర్చుంటాడు. మీరంటే వాడికి భయం లేదు."

ఐదో తరగతితో బడి మానేసిన జలంధర్‌కు ఆ మాట సూదిలా గుచ్చుకుంది.

"ఇంకొక్కసారి జరిగితే టీసీ ఇచ్చి పంపేస్తారట. ఆపైన మీ ఇష్టం," అన్నాడు సార్.

గేటు దగ్గర మహిపాల్ బ్యాగు తగిలించుకుని నిలబడి ఉన్నాడు. తండ్రి ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"నీళ్లు తాగినవా బాపు?"

చెంప చెళ్లుమంది.

"ఎక్కిరిస్తున్నవా? మా ఇంజినీర్ గులాం నబీ పానం బాగలేదన్నా ఇడువడు. ఆయన పిల్లలు గూడ గీ బడిలనే ఉన్నరని, బడి ఫోనంటెనే ఇడుస్తడు. ఆయనే ఇయ్యాల ఏమన్నడో ఎరుకనా? కొడుకును మార్చుకో, లేకుంటే కంపెనీ మార్చుకో అన్నడు! ఎవల కోసం రా ఆ ఎండల మాడుతున్న? మా సైట్ల ఎండదెబ్బకు పడ్డ బుచ్చన్న కాక పీనుగై పెట్టెల ఊరికి పోయిండు. చూసినవ్ గద?"

"చూసిన."

"మల్ల ఇంకోసారి కూయనని చెప్పు."

మహిపాల్ చెంప పట్టుకుని నేల చూశాడు.

"చెప్పు రా!"

చెప్పలేదు.

అది జూన్ నెల, గురువారం. రెండు రోజుల సెలవు తర్వాత ఆదివారం బడి తెరిచారు. ఆ మధ్యాహ్నం జలంధర్ ఫోన్ మోగలేదు. మర్నాడూ మోగలేదు. ఎండాకాలం సెలవులిచ్చేదాకా ఏడో తరగతిలో కోడి కూయలేదు.

గోడ మీది చార్టును ప్రిన్సిపాల్‌కు చూపించి మధుసూదన్ సార్ మురిసిపోయాడు. "స్టార్లు కాదు, చెంపదెబ్బ," అనుకున్నాడు జలంధర్, తన అరచేయి చూసుకుంటూ.

ఆ ఆదివారం నుంచే సైట్లన్నిటిలో మధ్యాహ్నపు ఎండ పనిని సర్కారు బంద్ చేసింది.