మేడిచెట్టు పైకి తాడు

ఆ జాతి మేడిచెట్టు ఆ అడవి మొత్తంలో ఒక్కటే మిగిలింది. గబ్బిలాలు తినేయకముందే దాని కాయగుత్తులకు గుడ్డసంచులు కట్టి విత్తనం దక్కించడం కూతురి ఉద్యోగం. ఆ సాయంత్రం పని తెమలకుండానే చీకటి పడింది. కూతురి నడుముకు కట్టిన తాడును కింద తల్లి పట్టుకుంది. వేరొకరి చేతుల మీద నమ్మకం లేక తానే వెంట వచ్చింది.

“నేను పడితే నీ మీదే పడతానమ్మా. ఇద్దరికీ కలిపి ఒకే సిమెంటుకట్టు వేస్తారు,” అంటూ ఎక్కింది కూతురు.

“పాడుమాటలు మాట్లాడకు. కాలు చూసి పెట్టు.”

తాడు తల్లి చేతుల్లోంచి మెల్లగా పైకి జారింది. కాసేపటికి ఆకుల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. గబ్బిలాలు వచ్చాయి గానీ, ఒక్కటీ చెట్టు మీద వాలకుండా వెనక్కి మళ్లాయి. తాడు మాత్రం ఆగలేదు.

ఆ చెట్టు ఇంటి డాబా కన్నా ఎత్తుండదు. కాళ్ల దగ్గర చుట్టి పెట్టిన తాడు దానికి మూడింతల పొడవు. అందులో సగానికి పైగా పోయేసరికి తల్లి తలెత్తి పైకి కేకేసింది.

“ఎందాకా ఎక్కుతావే? దిగు.”

“ఇక్కడే ఉన్నానమ్మా. ఈ ఒక్క గుత్తీ కట్టేసి వస్తా.”

గొంతు తల మీది కొమ్మలోంచే వచ్చింది. తాడు ఇంకా పైకే పోతోంది.

తల్లి మిగిలిన కొసను తన నడుముకు చుట్టుకుని, ముడి మీద ముడి వేసుకుంది.

“వదిలేయమ్మా,” అంది కూతురి గొంతు నింపాదిగా. ఈసారి అది చాలా పైనుంచి వినిపించింది.

“వదలమనగానే వదలడానికి నేనేమైనా పరాయిదాన్నా?”

తాడు బిగిసింది. ఆమె మడమలు నేలను విడిచాయి. ముడి గట్టిగా ఉందో లేదో ఆమె మరోసారి తడిమి చూసుకుంది.