పందొమ్మిదో దీపం

"పిల్లోల్లు ఒకరు తక్కువుండారమ్మా" అన్నాడు కిటికీ అవతల ముసలాయన.

సుధ టీచర్‌కు చిర్రెత్తింది. లింగాల దగ్గరి ఆ బడికి ఆమె వచ్చి నెల కాలేదు. కంబళి కప్పుకున్న ఈ గొర్రెల కాపరి రోజూ మధ్యాహ్నం వచ్చి కిటికీ ఊచలకు చెవి ఆనించి నిలబడతాడు.

లోపల అయిదో తరగతి ట్యాబుల్లో లెక్కల ఆట ఆడుతోంది. లెక్క చేస్తున్నంతసేపూ టీవీ తెర మీద ఒక్కొక్కరి పేరున ఒక దీపం వెలుగుతుంది. ఒక్కటి ఆరినా క్లాసంతా మళ్లీ మొదటి నుంచి ఆడాలి.

"అదో చూడు తాతా. పందొమ్మిది మంది, పందొమ్మిది దీపాలు."

ఆయన తెర వైపు తిరగనే లేదు.

"దీపాలుంటాయిలేమ్మా. పిల్లోల్లు పద్దెనిమిదే."

"మేం గొర్రెలం కాదులే తాతా" అన్నాడు వెనక బెంచీ నాగేష్. క్లాసంతా నవ్వింది.

సుధ కిటికీ మూసేసింది. బయట ఏవో అరుపులు వినిపిస్తే, గొర్రెల్ని అదిలిస్తున్నాడనుకుంది.

కాసేపటికి ఎక్కడి నుంచో సన్నగా లెక్క వినిపించింది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. ఆగి, మళ్లీ ఒకటి, రెండు.

ఏదో ట్యాబు మాట్లాడుతోందనుకుంది.

సాయంత్రం గంట కొట్టారు. ట్యాబులన్నీ ఆపి బీరువాలో పెట్టించింది.

లెక్క ఆగలేదు.

అప్పుడు కనిపించింది, బెంచీ మీద మిగిలిన సంచి.

"లహరి ఏది?"

నాగేష్ తల దించుకున్నాడు. "అన్నం తిన్యాక మేకపిల్ల ఎమ్మట పోయింది మేడం. ఇంగా రాల్యా. దీపం ఆరిపోతాదని దాని ట్యాబు గూడా నేనే ఆడినా."

లెక్క వినిపించే వైపు పరుగెత్తింది సుధ. వెనకే వంటామె చిన్నసుబ్బమ్మ. ప్రహరీ దాటేసరికి పదిహేడు దగ్గర గొంతు ఆగిపోయింది.

పాడుబడిన బావి గట్టుకు కాళ్లు తన్నిపెట్టి కూర్చుని ఉన్నాడు ముసలాయన. కంబళి ఒక కొస ఆయన నడుముకు కట్టి ఉంది. రెండో కొస బావిలోకి వేలాడుతోంది. దాన్ని పట్టుకుని, లోపలి రాతి అంచు మీద లహరి.

పిల్లను పైకి లాగారు.

"మేకపిల్లను పట్టబోయి పడినా మేడం. తాత శానాసేపు అరిచినాడు, ఎవురూ రాల్యా. నాకు భయమైతాందంటే లెక్కబెట్టినాడు." లహరి ఆయన చేయి కదిపింది. "తాతా, నేనొచ్చినా. ఇంగ చాలు."

ఆ చేయి జారి నేల మీద పడింది.

"లోపలున్న నేను చూసుకోలేదు. బయటినుంచి ఆయన చూశాడు" అంది సుధ.

చిన్నసుబ్బమ్మ ఆయన రెప్పలు మూసింది.

"చూసేదేంది మేడం. కుళ్లాయప్ప మామ గొర్రెల్నయినా పిల్లోల్లనయినా గొంతులు ఇనే లెక్కబెడతాడు. ఈ కండ్లు పోయి పన్నెండేండ్లాయ."